చిన్న కుక్కను అజిలిటీ పోటీకి తయారుచేయడం తప్పా?

బన్నీ వాళ్ల నాన్న, నల్గొండ:
అందరికీ నమస్తే. మా ఇంట్లో ఏడు కిలోల స్పిట్జ్ ఉంది. పేరు బన్నీ, వయసు 14 నెలలు. అమ్మినాయన పామేరియన్ అని చెప్పి ఇచ్చాడు, మన దగ్గర తెల్ల బొచ్చుకుక్కలన్నిటినీ అట్లాగే పిలుస్తారు కదా. రోజంతా గేటు దగ్గర నిలబడి అరిచేది. పక్కింటివాళ్లతో మాటలు పడ్డాం. మూడు నెలల కింద డాబా మీద పీవీసీ పైపులతో నాలుగు హర్డిల్స్ కట్టాను, పిల్లలు ఆడుకునే గుడ్డ సొరంగం ఒకటి కొన్నాను. రోజుకు పావుగంట ఆడిస్తున్నాను. అరుపు చాలా తగ్గింది. నేను పైపులు పట్టుకుంటే చాలు, నాకంటే ముందు మెట్లెక్కుతుంది. హైదరాబాద్‌లో ఎప్పుడైనా అజిలిటీ పోటీ, అంటే కుక్క హర్డిల్స్, సొరంగాల్లాంటి అడ్డంకులను వరసగా, తొందరగా దాటే పందెం పెడితే తీసుకెళ్లాలని నా ఆశ.

మొన్న మా బావమరిది చూసి, "దీన్ని సర్కస్ కుక్కను చేస్తున్నవా బావా" అన్నాడు. ఆ మాటకు రాత్రంతా నిద్ర పట్టలేదు. నిజంగా తప్పు చేస్తున్నానా? భుజం దగ్గర దాని ఎత్తు 30 సెంటీమీటర్లు. పైపు ఇప్పుడు 40 సెంటీమీటర్ల ఎత్తులో పెట్టాను, సులువుగానే దాటుతోంది.

మర్రిగూడ బిడ్డ:
అన్నా, మీ బావమరిది మాట నాకు సరైనదే అనిపిస్తోంది. నేను ఫ్లోరైడ్ ఊళ్లో పెరిగినవాణ్ని. మోకాళ్లు పట్టేసిన మనిషి మంచం దిగడానికి ఎంత తిప్పలు పడతాడో మా ఇంట్లోనే చూశాను. మనిషి కనీసం అమ్మా అని మూలుగుతాడు. కుక్క ఏం చెప్తుంది? మీరు పిలిచారని వస్తుంది, మీరు మెచ్చుకుంటారని దూకుతుంది. అది సంతోషంతోనే దూకుతోందని మీరెట్లా చెప్పగలరు?

ఈ ఆట ఎట్లా పుట్టిందో కూడా చూడండి. 1978లో లండన్‌లో క్రఫ్ట్స్ డాగ్ షో జరిగినప్పుడు, పోటీకి పోటీకి మధ్య జనానికి కాలక్షేపం కోసం, గుర్రాలు అడ్డుకర్రలు దూకే పందేలను చూసి దీన్ని తయారుచేశారు. మొదటి నుంచీ చూసేవాళ్ల కోసం పుట్టిన ఆట ఇది. పైగా అది చల్లటి దేశం. మనకు ఎండాకాలంలో 44 డిగ్రీలు వస్తుంది, డాబా మీద మనమే చెప్పుల్లేకుండా నిలబడలేం.

పశువైద్యం చదివినమ్మాయి, మహబూబ్‌నగర్:
బన్నీ వాళ్ల నాన్న గారూ, ముందు ఆ పైపు దించండి, మిగతావి తర్వాత మాట్లాడుకుందాం. ఎఫ్‌సీఐ అనే అంతర్జాతీయ కుక్కల సంఘం నిబంధనల్లో భుజం దగ్గర 35 సెంటీమీటర్ల కంటే తక్కువున్న కుక్కలు స్మాల్ వర్గంలోకి వస్తాయి. వాటికి హర్డిల్ ఎత్తు 25 నుంచి 30 సెంటీమీటర్లే. మీరు పెట్టిన 40 సెంటీమీటర్లు దాని పై వర్గం కుక్కలకు పెట్టే ఎత్తు. సులువుగా దాటుతోంది కదా అని ఎత్తు పెంచకూడదు. దూకినంతసేపూ బాగానే ఉంటుంది, దెబ్బంతా దిగేటప్పుడు ముందు కాళ్ల మీద పడుతుంది, అదీ మీ డాబా సిమెంటు మీద. ఇంకోటి, 18 నెలలు నిండని కుక్కను అక్కడ పోటీలోకే రానివ్వరు. బన్నీకి ఇంకా నాలుగు నెలలు ఉంది.

మర్రిగూడ తమ్ముడూ, మీ బాధ అర్థమైంది. కానీ ఇంట్లో కట్టేసి, బిస్కెట్లు పెట్టి, 12 కిలోలకు పెంచిన స్పిట్జ్‌లను నేను ఎన్నో చూశాను. వాటి కీళ్లూ నొప్పి పెడతాయి.

కొత్తూరు పగ్:
మాది పగ్ అక్కా. దానికి కూడా నేర్పించొచ్చా?

పశువైద్యం చదివినమ్మాయి, మహబూబ్‌నగర్:
ఎండాకాలంలో అస్సలు వద్దమ్మా. కుక్క ముఖ్యంగా వగర్చడం ద్వారానే ఒళ్లు చల్లబరుచుకుంటుంది. పగ్‌కు ముక్కు చప్పిడి, గాలి సరిగా ఆడదు, ఆ పని దానికి సరిగా చేతకాదు. చలికాలం పొద్దున పూట సొరంగంలో అటూ ఇటూ తిప్పండి, చాలు.

మందకాపరి కొడుకు, దేవరకద్ర:
మాది గొర్ల కాపరి కుటుంబం. మా నాన్న మందతో నెలల తరబడి బయట తిరిగేవాడు, ఆయన వెంట రెండు కుక్కలు పోయేవి. కుక్కకు పని ఉండాలన్నది మా ఇంట్లో అందరం నమ్మే మాట. పని లేని కుక్క గేటు దగ్గర అరుస్తుంది, చెప్పులు కొరుకుతుంది. ఆ విషయంలో నేను బన్నీ వాళ్ల నాన్న వైపే.

కానీ మంద దగ్గర ఎవరూ సెకన్లు లెక్కపెట్టరు. అలసిపోతే కుక్క తుమ్మచెట్టు కింద పడుకుంటుంది, మా నాన్న దాన్ని లేపేవాడు కాదు. పోటీలో గడియారం నడుస్తుంటే మనం ఆగమంటామా? ఆట ఓకే. పోటీ దగ్గరే నాకు మనసు ఒప్పడం లేదు.

మర్రిగూడ బిడ్డ:
మందకాపరి అన్న మంచి మాట చెప్పాడు. అక్కా, మీరు చెప్పిన నిబంధనలు నేనూ చదివాను. హర్డిల్ ఒక్కటే తగ్గిస్తారు. రెండు వైపులా ఏటవాలుగా ఉండే ఏ-ఫ్రేమ్ ఎత్తు చిన్న కుక్కకైనా పెద్ద కుక్కకైనా 1.70 మీటర్లే. 30 సెంటీమీటర్ల ప్రాణికి అది తన ఎత్తుకు అయిదింతలు పైన. ఇదేం న్యాయం?

పశువైద్యం చదివినమ్మాయి, మహబూబ్‌నగర్:
ఏ-ఫ్రేమ్ విషయంలో మీతో నేనూ ఏకీభవిస్తాను. మొదలుపెట్టేవాళ్లు అది లేకుండానే ఆడించాలి. అయితే చిన్న కుక్కలను అసలు పట్టించుకోరనడం సరికాదు. కుక్క ఒక వైపు ఎక్కి, పలక వాలాక ఇంకో వైపు దిగే సీ-సా పలకనే చూడండి. దిగాల్సిన వైపు మధ్యలో ఒక కిలో బరువు పెడితే రెండు మూడు సెకన్లలో అది నేలను తాకాలి. తేలికపాటి కుక్క గాల్లో ఇరుక్కుని బెదిరిపోకూడదనే ఆ నియమం. 2024లో న్యూయార్క్ వెస్ట్‌మిన్‌స్టర్ డాగ్ షోలో అన్ని ఎత్తుల కుక్కలనూ దాటి అజిలిటీ గెలిచింది నింబుల్ అనే సంకరజాతి కుక్క, అది 12 అంగుళాల హర్డిల్ వర్గంలోది. బలవంతం చేస్తే ఏ కుక్కా అట్లా పరిగెత్తదు. పోటీలో పట్టీ ఉండదు, తిండి చూపించకూడదు, కుక్కను ముట్టుకోకూడదు. ఇష్టం లేని కుక్క మధ్యలోనే బయటికి నడిచిపోతుంది.

బన్నీ వాళ్ల నాన్న గారూ, ఒకటి అడుగుతాను. నడుస్తూ నడుస్తూ వెనక కాలు ఒకటి పైకెత్తి, రెండు గంతులు వేసి, మళ్లీ మామూలుగా నడవడం ఎప్పుడైనా చూశారా? చిన్న జాతుల్లో మోకాటి చిప్ప పక్కకు జారడం ఎక్కువ. ఆ నడక దాని గుర్తు కావచ్చు.

బన్నీ వాళ్ల నాన్న, నల్గొండ:
మేడం, మీరు రాసింది చదివి గుండె ఆగినంత పనైంది. రెండుసార్లు చూశాను. ముద్దుగా ఉందని మా పాప వీడియో కూడా తీసింది. ఆ వీడియో ఇప్పుడు నాలుగుసార్లు చూశాను. ఎత్తేది కుడి కాలే.

పైపులన్నీ నేల మీద పెట్టేశాను. బన్నీ వాటి మీదుగా నడిచిపోయి, ఎందుకు దూకించడం లేదన్నట్టు నా మొహం చూస్తోంది. రేపు పొద్దున్నే దవాఖానకు తీసుకెళ్తున్నాను. మర్రిగూడ తమ్ముడూ, పోటీ ఆశ నాకు పోలేదు, అబద్ధం చెప్పను. కానీ ఆ కాలు ఏమిటో తేలేదాకా సొరంగం ఒక్కటే.

మర్రిగూడ బిడ్డ:
డాక్టర్ ఏమన్నాడో ఇక్కడే రాయండి అన్నా. ఆ వీడియో తప్పకుండా చూపించండి, బల్ల మీద నిలబెడితే కుక్క ఆ నడక నడవదు.