‘తరంగ జోక్యం’ ఏమిటండీ?

నిన్న ఒక సైన్స్ వ్యాసం ప్రూఫ్ చూస్తుంటే ‘తరంగ జోక్యంతో కఠినమైన లెక్కలు’ అని కనబడింది. ఇంటర్‌ఫియరెన్స్‌కి యంత్రం ఇచ్చిన తెలుగు కాబోలు. జోక్యం అంటే ఒకరి వ్యవహారంలో ఇంకొకరు తలదూర్చడం. అలలు ఆ పని చేయవు. చెరువులో రెండు రాళ్లు వేసి చూడండి, రెండు వలయాలూ ఒకదానిలోంచి ఒకటి దాటి, ఏమీ ఎరగనట్టు తమ దారిన తాము పోతాయి. కలిసినంతసేపే ఎత్తులు కూడతాయి. మన ఫిజిక్స్ పుస్తకాల్లోని ‘వ్యతికరణం’ నయం. సంస్కృతంలో వ్యతికరం అంటే కలయికే.

నాకు మింగుడుపడనిది ‘వినాశక వ్యతికరణం’. శిఖరానికి ద్రోణి ఎదురైతే నాశనమయ్యేది ఏముంది? చెల్లుకు చెల్లు, అంతే!

ఆ వ్యాసంలోని లెక్కకీ ఈ మాటే అతుకుతుంది. కొన్ని సంఖ్యల్ని సరిసమానంగా రెండు వాటాలు చేయగలమా అన్నది ప్రశ్న. 3, 5, 8 తీసుకోండి. ఆ పౌనఃపున్యాల కొసైన్ తరంగాలు మూడింటినీ గుణిస్తే, ఇంటర్‌లో బట్టీపట్టిన సూత్రం ప్రకారం ఆ సంఖ్యల్ని కూడగా, తీసేయగా వచ్చే 16, 10, 6, 0 పౌనఃపున్యాలు వస్తాయి. సగటు తీస్తే మొదటి మూడూ పైకెంతో కిందికంతే ఊగి చెల్లుకు చెల్లు. సున్నాది ఊగదు, అలాగే మిగులుతుంది. 8-3-5 సున్నా అయిందంటే పంపకం కుదిరినట్టే: 3+5=8. ఎనిమిది బదులు 9 పెడితే ఏమీ మిగలదు.

జవాబు: మాట బాగుంది గానీ, వెలుగుని రెండు సన్న చీలికల్లోంచి పంపి తెరమీద వెలుగు, చీకటి పట్టీలు చూసే యంగ్ జంట చీలికల ప్రయోగంలో కుదరదు మాస్టారూ. చీకటి పట్టీలో తగ్గిన వెలుగు పక్కనున్న వెలుగు పట్టీకి చేరుతుంది. ఆ పట్టీ నడుమ ఒక్క చీలిక ఇచ్చేదానికి నాలుగు రెట్లు వెలుగు. దాన్ని చెల్లు అనలేం, బదిలీ అనాలి.

జవాబు: లెక్కలోనూ ఒక చిక్కుందండీ. మీ మూడు సంఖ్యలకి సగటు 1/4 వచ్చింది, సరే. 50 సంఖ్యలుండి ఒక్క పంపకమే కుదిరితే మిగిలేది సుమారు 563 లక్షల కోట్లలో ఒక వంతు! అంత చిన్న సిగ్నల్‌ని రొదలోంచి ఏ మీటరు పట్టుకుంటుంది?

బదిలీ మాట ఒప్పుకుంటున్నా. ప్రూఫులో వ్యతికరణం అని దిద్ది, పక్కన ‘చెల్లుకు చెల్లు’ రాశాను. ఎడిటర్ గారు ‘కిరాణా కొట్టు భాష’ అని కొట్టేశారు. నాయిజ్‌కి మీరు వాడిన ‘రొద’ మాత్రం చెప్పకుండా పెట్టేస్తున్నా, చూద్దాం.