మోడల్ లెక్కల్ని ‘కాకిలెక్క’ అనొచ్చా?

ప్రశ్న (భీమవరం నుంచి):
బోదకాలు మాత్రలు ఊరంతా పంచితే పెట్టిన ఖర్చుకు ఎంత ఫలితం వస్తుందో గణిత మోడల్ కట్టి తేల్చిన ఒక నివేదికకు తెలుగులో సారాంశం రాస్తున్నాను. మా బావగారు చూసి, ‘ఇవన్నీ కాకిలెక్కలేనోయ్’ అని కొట్టిపారేశారు. జరగబోయేదాన్ని అంచనా వేస్తే అది కాకిలెక్క అయిపోతుందాండీ?

జవాబు (అమలాపురం నుంచి):
కాదండీ. ఆ కథ తెలిసిందే కదా: ఊళ్ళో కాకులెన్నంటే నోటికొచ్చిన అంకె చెప్పి, లెక్కకు మించితే చుట్టాలొచ్చాయని, తగ్గితే చుట్టాలింటికెళ్ళాయని అన్నాడట. అంకె తప్పు కావడం కాదు, తప్పని పట్టుకునే దారే లేకపోవడం కాకిలెక్క. పైగా అంకె మాత్రం భలే కచ్చితంగా ఉంటుంది!

మంచి మోడల్ ఆ దారిని తనే చూపిస్తుంది. వైద్యానికయ్యే ఖర్చునూ ఫలితాన్నీ పరిశీలించే ఇస్పోర్, వైద్య నిర్ణయాలపై పనిచేసే ఎస్‌ఎండీఎం అనే సంస్థలు కలిసి 2012లో మోడళ్ళ తయారీపై ఏడు పత్రాలు వేశాయి. అందులో ఒకటి పూర్తిగా పారదర్శకత గురించీ, మోడల్‌ను సరిచూడడం గురించీ. ఏ అంకె ఎక్కడినుంచి తెచ్చారు, ఖర్చంటే సర్కారుదేనా, కాలు వాచి పనికెళ్ళలేని మనిషి కూలీ కూడానా, ఇవన్నీ చెప్పితీరాలి.

మీ మాత్రల సంగతే తీసుకోండి. రెండు మందుల పద్ధతికి డబ్ల్యూహెచ్‌ఓ చెప్పేది ఏడాదికోసారి, కనీసం 5 ఏళ్ళు, ప్రతిసారీ జనాభాలో 65 శాతం మందైనా మింగాలని. మింగాలి! పంచినట్టు రిజిస్టర్లో ఉంటుంది, మాత్రేమో బీరువా మీద ఉంటుంది. ఆ 65ని 50 చేస్తే తీర్పు తిరగబడుతుందా లేదా అని చూడడమే సెన్సిటివిటీ అనాలిసిస్. అది చెయ్యని నివేదికను నేనైతే పక్కన పెట్టేస్తాను.

జవాబు (నరసాపురం నుంచి):
బావగారిని మరీ తీసెయ్యకండి. కొందరు మోడల్ కట్టినవాళ్ళు లెక్కల ఫైలు చూపించరు, అంచనా ఎందుకు తప్పిందని అడిగితే ‘పరిస్థితులు మారాయి’ అంటారు. చుట్టాలొచ్చాయనడం కాక ఇదేమిటి? ఇంకోటి, బోదకాలుకు లింఫాసిమ్ అనే మోడల్ ఉంది. దాన్ని పుదుచ్చేరి వివరాలతో సరిచూశారు. మన డెల్టాకు తెచ్చినప్పుడు ఇక్కడి దోమలతో, ఇక్కడి రక్తపరీక్షలతో మళ్ళీ పోల్చుకోవాలి కదా.

ప్రశ్న అడిగినవారు:
ముందు ముందు వచ్చే లాభం ఇవాళ్టి లాభమంత విలువ చెయ్యదని, దాన్ని ఏడాదికి 3 శాతం చొప్పున తగ్గించారు. అదీ కాకిలెక్కేనా?

అమలాపురం:
కాదండీ. ఏ వైద్యానికి పెట్టే ఖర్చు గిట్టుబాటవుతుందో చూసే మన దేశపు ప్రభుత్వ విభాగం హెచ్‌టీఏఇన్ మార్గదర్శకాల్లో ఉన్నదే ఆ 3 శాతం. అందరికీ ఒకే రేటు కాబట్టి ఒక నివేదికను ఇంకోదానితో పోల్చుకోవచ్చు. ఇంతకీ పంచినవీ మింగినవీ వేరువేరుగా చూపించారా?

ప్రశ్న అడిగినవారు:
అనుబంధంలో వెతికానండీ. పంచినవన్నీ మింగినట్టే తీసుకున్నారు.

నరసాపురం:
ఆయ్! అయితే ఆ ఒక్క గడి వరకూ బావగారి మాటే ఉంచండి.