ఆరో తరగతి పాపకు ప్రోగ్రామింగ్ ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

ప్రశ్న (హనుమకొండ):
నమస్కారం. వేసవి శిక్షణలో మా పాపకు నేరుగా పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష మొదలుపెట్టారు. కోలన్ (:) గుర్తు మరిచిపోయిన ప్రతిసారీ తెరపై వచ్చే ఎర్రని ఇంగ్లిషు వాక్యాలకు భయపడి, వారం తిరగకముందే ఇక వెళ్లనని మొండికేసింది. ఇంట్లో నేనే నేర్పాలనుకుంటున్నాను. దేనితో మొదలుపెట్టమంటారు?

జవాబు (వరంగల్, గణిత ఉపాధ్యాయురాలు):
అన్నగారూ, స్క్రాచ్‌తో మొదలుపెట్టండి. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయపు మీడియా ల్యాబ్ 2007లో విడుదల చేసిన ఈ ఉచిత సాధనంలో ఆదేశాలను టైపు చేయకుండా దిమ్మెల్లా ఒకదానికొకటి అతికిస్తారు కనుక, కోలన్ల బెడద ఉండదు. తెరపై బొమ్మ నడిచిన దారంతా గీత గీసే పెన్ ఎక్స్‌టెన్షన్ జోడించి ముందు ముగ్గు వేయించండి. చతురస్రానికి ‘100 అడుగులు నడువు, 90 డిగ్రీలు తిరుగు’ అని నాలుగుసార్లు చెబితే చాలు. త్రిభుజం దగ్గరికి వచ్చేసరికి నా పిల్లల్లో చాలామంది 60 డిగ్రీలే ఇస్తారు. గీత మూసుకోకుండా సగం షట్భుజిలా ఆగిపోతుంది. అప్పుడు వాకిట్లో ముగ్గు గీత మీద నడిపిస్తే, మూల దగ్గర తాము తిరిగేది 120 డిగ్రీలని వాళ్లే కనిపెడతారు. దయచేసి ఆ తప్పును మీరు ముందే దిద్దకండి.

జవాబు (కరీంనగర్):
మేడమ్ గారి మాటే నాదీ. ఇంటర్నెట్ లేకున్నా స్క్రాచ్‌ను ల్యాప్‌టాప్‌లో ఇన్‌స్టాల్ చేసుకొని వాడుకోవచ్చు. తరువాత పైథాన్‌లో ఇలాగే గీతలు గీయించే టర్టిల్ మాడ్యూల్‌తో అవే ముగ్గులు మళ్లీ వేయించండి. ఆలోచన పాతదే కనుక పాపకు భాష ఒక్కటే కొత్తగా ఉంటుంది.