నేను రాసింది ఒకటి, అచ్చయింది ఇంకొకటి. సవరణ ఎట్లా అడగాలి?

తిరుపతి_పెన్ను:
2025 తోతాపురి మామిడి ధరల మీద ఒక పత్రికకు ఫ్రీలాన్సుగా కథనం ఇచ్చినాను. "కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు ఇవ్వాలి, దానిపైన ప్రభుత్వ సబ్సిడీ 4" అన్నది నా కాపీ, అంటే నేను పంపిన రాత. కథనాలు దిద్దే డెస్క్‌లో కుదించి "ఫ్యాక్టరీలు కిలోకు 12 రూపాయలు ఇచ్చాయి" అని వేశారు. బైలైన్, అంటే కథనం మీద పేరు, నాది, తిట్లూ నాకే. గ్రూపులో పెట్టి కడిగేయాలా, మెయిల్ చెయ్యాలా?

డెస్క్_చాకిరీ:
గ్రూపు జోలికి పోవద్దు. ముందు నువ్వు పంపిన మెయిల్ తెరిచి చూసుకో, తప్పు అందులోనే ఉంటే పరువు పోతుంది. తర్వాత ఈ-పేపర్ క్లిప్, వెబ్ పేజీ స్క్రీన్‌షాట్ రెండూ తీసిపెట్టుకో. వెబ్‌లో చెప్పాపెట్టకుండా మార్చేస్తుంటారు.

అన్నట్టు, అంకె ఒక్కటే కాదు, క్రియ కూడా చెడింది. "ఇవ్వాలి" కాస్తా "ఇచ్చాయి" అయింది. 12ను 8 చేసి ఊరుకుంటే ఆ ధర రైతుకు అందినట్టే ఉంటుంది. మెయిల్‌లో మూడే ముక్కలు: అచ్చయిన వాక్యం, నువ్వు పంపిన వాక్యం, వెయ్యాల్సిన సవరణ. ఎవరు మార్చారన్న ఊసెత్తొద్దు. పేజీ ఇన్‌చార్జికి పంపి, ఎడిషన్ ఇన్‌చార్జికి కాపీ పెట్టు. పేజీలు అచ్చుకు వదిలే వేళకు ఎవరూ మెయిల్ చూడరు, మధ్యాహ్నంలోపే పంపు. "వివరణ" అని వేస్తామంటే ఒప్పుకోవద్దు, "సవరణ" అనే ఉండాలి. వివరణ అంటే తప్పు పాఠకుడు అర్థం చేసుకోవడంలో ఉందన్నట్టు ఉంటుంది.

పలమనేరు_కాపీ:
ఇకపై కాపీ కింద "కుదించినా మార్చకూడనివి" అని రెండు మూడు వాక్యాలు విడిగా రాయండి సార్. 8+4 లాంటి గుర్తులు వద్దు. మనం టైపు చేసే యూనికోడ్ నుంచి పత్రిక వాడే పేజీ ఫాంటుకు మార్చేటప్పుడు గుర్తులు, వత్తులు ఎగిరిపోతుంటాయి. హెడ్డింగ్ కూడా మీరే ఒకటి ఇవ్వండి, సగం తప్పులు అక్కడే పుడతాయి.

ఎడిటర్‌కు రాసినా పలకకపోతే, పత్రికల మీద ఫిర్యాదులు వినే ప్రెస్ కౌన్సిల్ ఉంది. దినపత్రికైతే అచ్చయిన రెండు నెలల్లోపు ఫిర్యాదు చెయ్యాలి, ముందుగా ఎడిటర్‌కు రాసిన ఉత్తరం జత చెయ్యాలి. ఒక్క అంకె కోసం అంత దూరం అనవసరమని నా లెక్క.

తిరుపతి_పెన్ను:
క్రియ సంగతి నాకు తట్టనే లేదన్నా. మెయిల్ పోయింది, వెబ్‌లో వాక్యం మార్చారు. హెడ్డింగ్‌లో మాత్రం 12 అట్లే ఉంది.

డెస్క్_చాకిరీ:
హెడ్డింగ్ వేరే పెట్టెలో ఉంటుంది, మర్చిపోయుంటారు. దానికి ఇంకో మెయిల్ వద్దు, ఫోన్ కొట్టు. షేర్ చేసిన పోస్టుల్లోనూ పాతదే కనిపిస్తుంటుంది, అదీ తీయించు.