కొండపల్లి జింక కాళ్లు: ఒకే చెక్కా, అతుకులా? బొమ్మల పని తెలిసినవాళ్లు చెప్పండి

చెక్కపొట్టు
అందరికీ నమస్తే. వడ్రంగం నా వృత్తి కాదు, సెలవు దొరికితే ఇంట్లో చిన్నాచితకా చెక్క పనులు చేసుకుంటుంటాను. ఈమధ్య కొండపల్లి బొమ్మల కాలనీకి వెళ్లి ఒక అంబారీ ఏనుగు, ఒక జింక తెచ్చుకున్నా. ఏనుగు సరే, దాని కాళ్లు ఎలాగూ లావు. జింక దగ్గరే బుర్ర పనిచేయడం లేదు. కాళ్లు చిటికెన వేలంత కూడా లేవు, కొమ్ములు ఇంకా సన్నం, తల పక్కకి తిరిగి ఉంది. భూతద్దం పెట్టి చూసినా అతుకు కనబడలేదు. ఒకే దుంగలో చెక్కితే కాళ్లకో కొమ్ములకో నార అడ్డంగా పడి పుటుక్కున విరగాలి కదా? నా దగ్గర టేకు, వేప ముక్కలున్నాయి. వాటితో ఇలాంటిది చేయొచ్చా?

బెజవాడ బాబాయి
టేకు పక్కన పెట్టేయ్ బాబూ. కుర్చీ చేసుకో దాంతో. కొండపల్లి బొమ్మంటే తెల్ల పొణికి. చాలా తేలిక, మెత్తన, ఉలికి ఇట్టే లొంగుతుంది. నీ జింకను చేతిలో పెట్టుకుని ఊగించి చూడు, బరువే ఉండదు. అతుకులు మాత్రం కచ్చితంగా ఉంటాయి. ఎక్కడున్నాయో పని చేసినవాళ్లే చెప్పాలి.

కాలనీ కోడలు
నేను పెళ్లయి వచ్చిందే ఈ పని చేసే ఇంటికి. చెక్కడం మావారు, మామగారు చూసుకుంటారు. రంగులు అత్తయ్యా నేనూ వేస్తాం. ఇక్కడ చాలా ఇళ్లలో పని ఇలాగే పంచుకుంటారు.

తమ్ముడూ, మీ జింక ఒక్క చెక్క కాదు. మొండెం ఒకటి, కాళ్లు నాలుగూ వేరు, చెవులు, తోక, కొమ్ములు వేరు. కాలు కోసేటప్పుడు నార పొడుగునా వచ్చేలా ముక్క తీస్తారు. మీరన్నట్టు అడ్డ నార పడితే రంగు వేసేటప్పుడే చేతిలో విరిగిపోతుంది. ముక్కలన్నీ మక్కుతో అతికిస్తారు. చింతగింజలు నానబెట్టి, తొక్క తీసి, మెత్తగా రుబ్బి, ఉడికించి, అందులో సన్నటి రంపం పొట్టు కలిపితే మక్కు. దోసెపిండి కన్నా గట్టిగా, చపాతీ ముద్ద కన్నా జారుగా ఉండాలి. అది జిగురు మాత్రమే అనుకోకండి. తొడ దగ్గర కండ, మెడ కింద మడత, చెవి మొదట్లో ఉబ్బు, ఇవన్నీ మక్కుతో తీర్చినవే. ఆరాక ఆకురాయి పట్టి, పైన సుద్ద పూత పూస్తారు. ఆ తెల్ల పూత కిందకి అతుకంతా వెళ్లిపోతుంది, భూతద్దానికి ఎక్కడ దొరుకుతుంది?

అందుకే ఉలి పట్టడం వస్తే బొమ్మ వచ్చేసినట్టే అనుకునేవాళ్లను చూస్తే మా మామగారికి నవ్వొస్తుంది. ఆయన ఎవరికైనా ముందు చెక్క ఆరబెట్టడం, తర్వాత మక్కు కలపడం నేర్పుతారు. బాడిస చేతికిచ్చేది ఆ తర్వాతే.

చెక్కపొట్టు
అక్కా, చాలా థాంక్స్. ఆరబెట్టడమంటే ఎండలో పెడితే చాలదా?

కాలనీ కోడలు
పచ్చి పొణికిలో నీరు బాగా ఉంటుంది. ఒక్కసారిగా ఎండలో పడేస్తే నెర్రెలిస్తుంది. కోసిన ముక్కల్ని పొట్టు మంట మీద సన్నటి సెగ తగిలేలా పేర్చి నిదానంగా తేమ తీస్తారు. మంట లేవకూడదు, సెగ ఆగకూడదు. తేమ మిగిలిపోతే తర్వాత చెక్క కుంచించుకుపోయి అతుకు దగ్గర రంగు పగులుతుంది, పురుగూ పడుతుంది. కొన్నాక చెవి ఊడిపోయిందని ఎవరైనా ఫోన్ చేస్తే మావారు మొదట తిట్టేది మక్కుని కాదు, సెగ పెట్టినవాణ్ణి. అంటే తనని తనే.

వరాహ ఒడ్డు
మాది ఏటికొప్పాక వైపు. మా దగ్గర దారి పూర్తిగా వేరు కాబట్టి రాస్తున్నా. మాకు పొణికి కాదు, అంకుడు కర్ర. అది తిరుగుడు యంత్రం మీద బాగా నునుపు తేలుతుంది. కర్ర తిరుగుతుండగా ఉలి ఆనించి ఆకారం తీస్తారు. తర్వాత రంగు కలిపిన లక్క కడ్డీని తిరిగే బొమ్మకు ఒత్తి పట్టుకుంటే ఆ రాపిడి వేడికే లక్క కరిగి పట్టేస్తుంది. ఆ పైన మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది. పసుపు, జాఫ్రా గింజలు, నీలి లాంటి వాటి నుంచి తీసిన రంగులు మళ్లీ వాడకంలోకి రావడం వెనక సి.వి. రాజు గారి కృషి చాలా ఉంది. ఆయనకు 2023లో పద్మశ్రీ వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం కూడా మా బొమ్మలదే, ఆ మాత్రం గొప్పలు చెప్పుకోనివ్వండి.

కాకపోతే యంత్రం మీద తీసేది గుండ్రం. ఏనుగు, కోడి, గుడ్లగూబ లాంటివి ముద్దుగా వస్తాయి. తల పక్కకి తిప్పిన జింక మాత్రం మా పని కాదు, అది కొండపల్లి, నిర్మల్ వాళ్లకే వదిలేద్దాం.

గోదారి అవతల
నిర్మల్ పేరొచ్చింది కాబట్టి. మా దగ్గరా పొణికే, మక్కు కూడా ఉంటుంది. తేడా ఎక్కడంటే రంగులో. కొండపల్లి పులి చూడగానే నవ్వొస్తుంది, నిర్మల్ పులి నిజం పులిలా ఉండాలని చూస్తారు. ఒంటి మీద ఛాయ ఒకచోట ముదురు, ఒకచోట లేత, కలిసే చోట గీత కనబడకూడదు. చెక్కిన చేతికి ఎంత పేరో పూసిన చేతికీ అంతే పేరు. మీరు నేర్చుకోవాలనుకుంటే ముందు ఏ పులి కావాలో తేల్చుకోండి. నన్నడిగితే నవ్వించే పులే కష్టం.

బెజవాడ బాబాయి
ఆ చివరి మాటతో ఏకీభవిస్తున్నా. సంక్రాంతి బొమ్మల కొలువులో మా ఇంట్లో పిల్లలంతా చేరేది ఆ వెర్రి పులి దగ్గరే.

బిల్లు అడుగుతా
ఒక హెచ్చరిక. హైవే పక్కన ఒక షాపులో కొండపల్లి చిలక అని నాకు అంటగట్టారు. పట్టుకుంటే రాయిలా ఉంది, అడుగున గీరితే తెల్లటి ప్లాస్టర్ రాలింది. అప్పట్నుంచి అడుగు భాగం చూడకుండా కొనడం మానేశా. రంగు తక్కువగా పడే చోటు అదే, చెక్క నార అక్కడ తెలిసిపోతుంది.

ఇంకొక అనుమానం. 2021 జనవరి నుంచి బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అన్నారు. మరి వీటి మీద ఉండదేం? ఇవీ నకిలీలేనా?

వరాహ ఒడ్డు
కాదండీ. హస్తకళల అభివృద్ధి కమిషనర్ దగ్గర పేరు నమోదైన కళాకారులు తయారుచేసి అమ్మేవాటికి, భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కింద నమోదైనవాటికి ఆ నిబంధన నుంచి మినహాయింపు ఇచ్చారు. మా ఏటికొప్పాకకు ఆ గుర్తింపు 2017లో వచ్చింది, కొండపల్లికి అంతకు ముందే ఉంది. గుర్తు లేనంత మాత్రాన నకిలీ కాదు. అయితే నోట్లో పెట్టుకునే పసిపిల్లలకు ఇచ్చేటప్పుడు ఏ రంగు వాడారో అడగడం మీ హక్కు. ఎనామిల్ పూసింది అలంకారానికే ఉంచండి.

చెక్కపొట్టు
మినహాయింపు సంగతి నాకూ తెలీదు. సరే, అసలు పనికొస్తా. పొణికి ఎక్కడ దొరుకుతుంది? మా వైపు కలప అడితిలో అడిగితే నన్ను వింతగా చూశారు. బూరుగు కూడా మెత్తన కదా, దాంతో మొదలుపెట్టొచ్చా?

గోదారి అవతల
అడితిలో ఎందుకుంటుంది, అది అడవి చెట్టు. కొట్టుకురావడం కుదరదు, అనుమతి లేకుండా ముట్టుకుంటే కేసవుతుంది. చేసేవాళ్లకే సరిపోక ఇబ్బంది పడుతున్నారు. మొక్కలు నాటినా అవి చెక్కకు వచ్చేసరికి ఏళ్లు పడుతుంది. నేర్చుకునే దశలో మీకు పొణికి అక్కర్లేదు కూడా. బూరుగు పర్లేదు గానీ గరుకు ఎక్కువ, సన్నటి అంచు నిలవదు. పురుగు తొందరగా పడుతుంది కాబట్టి ఎక్కువ కొని దాచకండి.

కాలనీ కోడలు
బూరుగుతోనే కానివ్వండి, తమ్ముడూ. కాకపోతే జింకతో వద్దు. పడుకున్న ఆవుతో మొదలుపెట్టండి. కాళ్లు ఒంటి కిందకి మడిచి ఉంటాయి కాబట్టి విరిగే భయం లేదు, మొండెం ఒకే ముక్కలో వస్తుంది, చెవులూ కొమ్ములూ మాత్రమే అతికించాలి. మక్కు పని ఆ కాస్త చోటులోనే తెలుస్తుంది. కళ్లు అన్నిటికన్నా ఆఖర్న పెట్టండి. రెండు కళ్లూ ఒకే వరసలో లేకపోతే ఎంత బాగా చెక్కినా మెల్లకన్ను ఆవే. అత్తయ్య ముందు కుడి కన్ను వేసి, బొమ్మను తలకిందులు చేసి ఎడమ కన్ను వేస్తుంది. ఎందుకని అడిగితే అలా అయితేనే చెయ్యి తిన్నగా పోతుందంటుంది.

చెక్కపొట్టు
సరే అక్కా, ఆవే. మక్కు మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టొచ్చా?

కాలనీ కోడలు
పెట్టొద్దు, పులిసి కంపు కొడుతుంది. ఏ రోజుది ఆ రోజే ఉడికించుకోండి.