ఆటోమేటిక్ కారులో బ్రేక్‌కి ఎడమ కాలు: వాడొచ్చా, కూడదా? (ఫోరమ్ చర్చ; ప్రతి పోస్టు పైన ఉన్నది రాసినవారి పేరు)

రెండు పెడళ్లు
మాన్యువల్ నుంచి ఆటోమేటిక్‌కి మారేవాళ్లకి అందరూ చెప్పే మాట ఒక్కటే: ఎడమ కాలు కదపకు. ఎందుకో లెక్క చెప్పండి. 60 కి.మీ. వేగంలో బండి సెకనుకి 16.7 మీటర్లు పోతుంది. కుడి కాలు యాక్సిలరేటర్ మీంచి బ్రేక్ మీదకి రావడానికి 0.2 సెకను పట్టిందనుకున్నా 3.3 మీటర్లు ఊరికే పోయినట్టే. కార్టింగ్‌లో, ఫార్ములా వన్‌లో బ్రేక్ ఎడమ కాలితోనే వేస్తారు. క్లచ్ లేని బండిలో ఆ కాలు ఖాళీగా ఎందుకుండాలి?

ఘాట్ దిగేవాడు
లెక్క కరెక్టే అన్నా, కానీ ఆ 0.2 సెకను మిగలాలంటే ఎడమ పాదం బ్రేక్ మీద గాల్లో నిలబడి ఉండాలి. ఎంతసేపు నిలబెడతారు? పిక్క లాగుతుంది, పాదం మెల్లగా పెడల్ మీద వాలుతుంది. రేసు కారులో పెడళ్లు, సీటు రెండు కాళ్లకీ సరిపోయేలా కడతారు, నాలుగైదు పట్టీల బెల్టు ఒంటిని కదలనివ్వదు. మన బండ్లలో బ్రేక్ పెడల్ కుడి కాలికి అందేలా ఉంటుంది. ఎడమ కాలికి ఇచ్చింది పక్కనున్న డెడ్ పెడల్, అంటే పాదం ఆనించుకునే కదలని మెట్టు.

అది అలంకారం కాదు. సడన్ బ్రేక్ కొడితే ఒళ్లు ముందుకి తోసుకొస్తుంది. ఎడమ కాలు డెడ్ పెడల్‌ని తన్ని పట్టుకుంటే నడుము సీట్లోనే ఉంటుంది. ఆ కాలు కూడా బ్రేక్ మీదే ఉంటే ఒంటికి ఆధారం ఉండదు, ముందుకి జారేటప్పుడు కుడి పాదం యాక్సిలరేటర్‌ని నొక్కేసే ప్రమాదం ఉంది. దానికి తోడు ఏళ్ల తరబడి క్లచ్ తొక్కిన కాలికి అడుగంటా నొక్కడమే అలవాటు. బ్రేక్‌ని అలా తొక్కితే వెనకవాడు మీ డిక్కీలో ఉంటాడు.

రెండు పెడళ్లు
క్లచ్ అలవాటు పోగొట్టుకోవచ్చు. ఖాళీ వెంచర్ రోడ్డు మీద 20 కి.మీ. వేగంలో, మడమ నేలకి ఆనించి, బొటనవేలి కింది భాగంతో మెల్లగా నొక్కి ఆపడం సాధన చేస్తే సరి. రెండు కాళ్లూ ఒకేసారి వాడమని నేను అనలేదు కదా.

సర్వీస్ బే
మీరు అనకపోయినా కాళ్లు ఆ పని చేస్తాయి గురూ. పాదం బరువు కొంచెం పడినా బండి వెనకున్న స్టాప్ లైట్ వెలుగుతుంది. అది ఆరకుండా వెలుగుతుంటే మీరు నిజంగా బ్రేక్ వేసింది వెనకవాడికి ఎలా తెలుస్తుంది? లోపల ప్యాడ్లు డిస్కుకి రాసుకుంటూనే ఉంటాయి, మైలేజీ పడిపోతుంది. ఇంకోటి, ఇప్పటి చాలా బండ్లలో రెండు పెడళ్లూ కలిపి నొక్కితే కంప్యూటర్ బ్రేక్ మాటే విని ఇంజన్ పవర్ కోసేస్తుంది. ఓవర్‌టేక్ మధ్యలో ఎడమ కాలు తగిలితే ఏమవుతుందో ఆలోచించుకోండి.

కొత్త లైసెన్స్
అందరికీ నమస్తే. మా అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంప్ నిటారుగా ఉంటుంది. పైన వాచ్‌మన్ ఆపమంటే ఆపి మళ్లీ ఎక్కాలి. బ్రేక్ వదిలితే బండి వెనక్కి వస్తోంది. అక్కడైనా రెండు కాళ్లు వాడొచ్చా? ఏఎంటీ బండి (మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్, గేర్లు మోటారు మారుస్తుంది).

సర్వీస్ బే
అక్కర్లేదండీ, హ్యాండ్‌బ్రేక్ ఉందిగా. ఫుట్‌బ్రేక్ మీద ఆపండి, హ్యాండ్‌బ్రేక్ లాగండి, గేరు డి (డ్రైవ్) లోనే ఉంచండి. కుడి పాదం యాక్సిలరేటర్ మీదకి తెచ్చి కొంచెం ఇవ్వండి. బండి ముక్కు లేచి ముందుకి గుంజుతున్నట్టు తెలియగానే హ్యాండ్‌బ్రేక్ దింపండి. హిల్ హోల్డ్ (ఎత్తు మీద బ్రేక్ వదిలాక బండిని కాసేపు తానే ఆపి ఉంచేది) ఉన్నా అది రెండు మూడు సెకన్లే పట్టుకుంటుంది, పూర్తిగా నమ్ముకోవద్దు.

ఒక్కటి మాత్రం చేయొద్దు: యాక్సిలరేటర్ సగం నొక్కి బండిని ర్యాంప్ మీద నిలబెట్టడం. ఏఎంటీలో ఉన్నది మామూలు క్లచ్చే, తొక్కేది మీరు కాదు, మోటారు. అలా నిలబెడితే ప్లేటు అరుగుతుంది, కాలిన వాసన వస్తుంది. డ్రై క్లచ్ డీసీటీకీ (ఆయిల్‌లో మునగని రెండు క్లచ్‌ల ఆటోమేటిక్‌కీ) ఇదే గతి.

ఘాట్ దిగేవాడు
అసలు ప్రమాదం రోడ్డు మీదకంటే పార్కింగ్‌లో ఎక్కువ. 1980ల్లో అమెరికాలో ఆడీ 5000 కార్లు వాటంతటవే దూసుకెళ్తున్నాయని గోల జరిగింది. అక్కడి రోడ్డు భద్రతా సంస్థ 1989 నివేదికలో తేల్చింది ఏంటంటే, ఎక్కువ కేసుల్లో డ్రైవర్లు బ్రేక్ అనుకుని యాక్సిలరేటర్ తొక్కారు. తొక్కింది బ్రేకే అన్న నమ్మకంతో, బండి ఆగకపోతే ఇంకా గట్టిగా తొక్కుతారు.

రివర్స్‌లో ఇది బాగా జరుగుతుంది. నడుము తిప్పి వెనక్కి చూసేసరికి మడమ లేచి పక్కకి జరుగుతుంది, పాదం దిగేచోటు మారుతుంది. అందుకే మడమని బ్రేక్ పెడల్‌కి ఎదురుగా నేలమీద నాటండి. యాక్సిలరేటర్ కావాలంటే మడమ కదపకుండా వేళ్లని కుడికి తిప్పండి. చదును నేల మీద పార్క్ చేసేటప్పుడు యాక్సిలరేటర్ జోలికే పోవద్దు. డి లోనో ఆర్ (రివర్స్) లోనో బ్రేక్ వదిలితే బండి తానే పాకుతుంది, బ్రేక్‌తో దాన్ని అదుపు చేస్తే చాలు.

రెండు పెడళ్లు
పొట్టివాళ్లకి మడమ నేలకి ఆనదు. వాళ్లేం చేయాలి?

ఘాట్ దిగేవాడు
ముందు సీటు సరిచేసుకోవాలి. బ్రేక్ పూర్తిగా నొక్కినప్పుడు మోకాలు కాస్త వంగే ఉండాలి, ఛాతీకి స్టీరింగ్‌కి మధ్య కనీసం 25 సెం.మీ. ఖాళీ ఉండాలి. ఎత్తు సర్దే లివర్ ఉంటే సీటు కొంచెం దింపితే మడమ అందుతుంది, అయితే బానెట్ ముందు రోడ్డు కనబడాలి. అప్పటికీ అందకపోతే కాలు ఎత్తి పెట్టడమే. అలాంటివాళ్లకి మీ ఎడమ కాలి పద్ధతి పనికొస్తుందేమో, కొట్టిపారేయను.

తిరుమల పాత ఘాట్ దిగేటప్పుడు మాత్రం ఏ కాలైనా ఒకటే తప్పు చేస్తుంది, బ్రేక్ మీద ఆన్చి ఉంచడం. అలా ఉంచితే బ్రేకులు వేడెక్కి ఆ వేడి బ్రేక్ ఆయిల్‌కి చేరుతుంది. ఆయిల్‌లో తేమ చేరితే అది తక్కువ వేడికే మరుగుతుంది. కొత్త డాట్ 3 (బ్రేక్ ఆయిల్‌లో ఒక రకం) ఆయిల్ 205 డిగ్రీల దాకా మరగకుండా ఆగాలి, తేమ పట్టినదానికి ప్రమాణం 140 మాత్రమే. మరిగితే పెడల్ మెత్తబడి కిందికి దిగిపోతుంది. అందుకే ఎమ్ మోడ్‌లో (గేరు మనమే ఎంచుకునేది) రెండో గేరు, లేదా ఎల్ (తక్కువ గేరు) పెట్టండి, ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. వేగం పెరిగితే ఒకసారి గట్టిగా తగ్గించి పాదం తీసేయండి.

సర్వీస్ బే
మ్యాట్ సంగతి ఎవరూ అనలేదు. కంపెనీ మ్యాట్ మీద ఇంకో రబ్బరు మ్యాట్ వేస్తే అది ముందుకి జరిగి యాక్సిలరేటర్‌ని కిందే పట్టేస్తుంది. వెనక పట్టీ లేని చెప్పులు కూడా పెడల్ అంచుకి తగులుకుంటాయి. డోర్‌లో పెట్టాల్సిన నీళ్ల సీసా కాళ్ల దగ్గర దొర్లనివ్వొద్దు, బ్రేక్ కింద ఇరుక్కుంటే ఇక కుడికాలా ఎడమకాలా అనే గొడవే ఉండదు.