జీన్ థెరపీ చేయిస్తే కిడ్నీ మార్పిడి మందులు ఆపేయొచ్చా?

వరంగల్ అక్క:
మా తమ్ముడికి అమ్మే కిడ్నీ ఇచ్చింది, పద్నాలుగు నెలలైంది. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్షలో 1.3 దగ్గర నిలకడగా ఉంది. కానీ కొత్త కిడ్నీని శరీరం తిరస్కరించకుండా ఇచ్చే టాక్రోలిమస్ మొదలయ్యాక చేతులు వణుకుతున్నాయి, టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటున్నాడు, షుగర్ కూడా కొత్తగా వచ్చింది. జీన్ థెరపీ, అంటే జన్యువులతో చేసే చికిత్స, చేస్తే శరీరమే కొత్త అవయవాన్ని ఒప్పుకుంటుందని ఏదో వీడియోలో చూసి, ఇక ఈ మందులెందుకు అంటున్నాడు. నాకు ఒకటే టెన్షన్. నిజంగా అలాంటిది ఉందా?

డయాలసిస్ సిస్టర్:
అక్కా, ముందు ఒక్క పూట కూడా మానొద్దని చెప్పండి. రిజెక్షన్, అంటే కొత్త కిడ్నీ మీద శరీరం దాడి, మొదలైనా చాలామందికి నొప్పీ జ్వరం ఏమీ ఉండవు, క్రియాటినిన్ పెరిగితేనే తెలుస్తుంది. వణుకు ఈ మందుతో తరచూ వచ్చేదే. రక్తంలో మందు ఎంతుందో చూసే లెవల్ టెస్ట్ చేయించి నెఫ్రాలజిస్టుకు చూపించండి, డోసు సర్దుతారు. ఆ రోజు పొద్దున మాత్ర వేసుకోకముందే రక్తం ఇవ్వాలి, ఇది చాలామంది మర్చిపోతారు.

బయోటెక్ రవి:
వీడియోలో చెప్పింది పూర్తిగా అబద్ధం కాదండీ, కానీ ఇంకా ట్రయల్స్ దశే. మన రక్తంలో టీ-రెగ్ అనే కణాలుంటాయి, రోగనిరోధక శక్తి అతిగా రెచ్చిపోకుండా ఆపడం వాటి పని. వాటిని పేషెంటు రక్తం నుంచే వేరుచేసి, దాత కిడ్నీ మీదుండే హెచ్‌ఎల్‌ఏ-ఏ2 అనే గుర్తును పట్టుకునేలా ఒక జీన్ చేర్చి, మళ్లీ ఒంట్లోకి ఎక్కిస్తారు. అవి కొత్త కిడ్నీ దగ్గరికి చేరి దాడిని అక్కడే చల్లబరచాలని ఆశ. 2022లో మొదటి కిడ్నీ పేషెంటుకు ఇచ్చారు. దాతకు ఆ గుర్తు ఉండాలి, పేషెంటుకు ఉండకూడదు. తల్లి కిడ్నీ అయినా సగమే కలుస్తుంది కాబట్టి మిగతా సగం మీ తమ్ముడి ఒంటికి పరాయిదే.
టొరంటోలో ఇంకో దారి పట్టారు, నాకైతే అదే ఎక్కువ నచ్చింది. దాత ఊపిరితిత్తులను ఐసులో పెట్టకుండా, ఒంటి బయటే 37 డిగ్రీల వెచ్చదనంలో ఊపిరాడిస్తూ, వాపు తగ్గించే ఐఎల్-10 జీన్‌ను వైరస్ ద్వారా లోపలికి పంపారు. మార్పిడికి పనికిరావని పక్కనపెట్టిన మనుషుల ఊపిరితిత్తులు కూడా మెరుగుపడ్డాయని 2009లో ప్రచురించారు.

కర్నూలు శీను:
పంది కిడ్నీ కూడా ఇదేనా అన్నా?

బయోటెక్ రవి:
కాదు తమ్ముడూ, అక్కడ జీన్లు మార్చేది పందిలో. 2024 మార్చిలో బోస్టన్‌లో పెట్టిన కిడ్నీకి 69 మార్పులు చేశారు, అయినా ఆ పేషెంటుకు మందులు తప్పలేదు.

వరంగల్ అక్క:
సిస్టర్, ఇన్నాళ్లూ మాత్ర వేసుకున్నాకే రక్తం ఇస్తున్నాడు! సోమవారం నేనే తీసుకెళ్తా. రవిగారూ, మీరు రాసింది వాడికి చదివి వినిపించా, రాత్రి ఎనిమిది గంటల డోసు వేసుకున్నాడు.